“పంపించెయ్యరా” అన్న మాటకు ఐదేళ్ళు

“ఒరే అబ్బయ్యా, నన్ను పంపించెయ్యరా.”

2019 డిసెంబరు. తెల్లవారుజామున మూడు దాటింది. కందుకూరు దగ్గర మా ఊళ్ళో, వసారాలో నవారు మంచం మీద నాయన, కింద చాప మీద నేను. నాలుక మీద లేచిన పుండు దవడ ఎముకలోకి పాకిపోయి, అప్పటికి నెలన్నరగా ఆయన మాట సగం గాలిగానే బయటికొస్తోంది. నీళ్ళడుగుతున్నాడేమో అనుకుని గ్లాసూ చెంచా తెచ్చాను. చేత్తో పక్కకు నెట్టాడు. మళ్ళీ అదే మాట అని, ఈసారి రెండు చేతులూ జోడించాడు.

తండ్రి దండం పెడితే కొడుకు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. “ఊరుకో నాయనా, తెల్లారగానే డాక్టరుకు ఫోన్ చేస్తా” అన్నాను. ఆ డాక్టరే వారం కిందట “ఇంక చెయ్యగలిగింది లేదు, ఇంటికి తీసుకుపొండి, ఆయనకు ఇష్టమైంది పెట్టండి” అని డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపించాడు. గుక్కెడు నీళ్ళు దిగని మనిషికి ఇష్టమైంది ఏం పెడతాం? ఆ కాగితం మీద రాసిన నొప్పి మాత్ర, ఒళ్ళునొప్పులకు మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే మాత్రే.

నేను ఒంగోలు కోర్టులో పదహారేళ్ళుగా క్రిమినల్ కేసులు చూస్తున్న వకీలుని. ఆ రాత్రి జరిగిన ఒక సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాయన చేతులు దించి మళ్ళీ చాప మీద పడుకున్నాక, “ఆయన అడిగింది చేస్తే?” అన్న ఆలోచన వచ్చింది. దాని వెనకే శిక్షాస్మృతి సెక్షన్లూ వచ్చాయి. 300లో ఐదో మినహాయింపు. 304 మొదటి భాగం. తండ్రి పక్కన పడుకుని, ఆయన్ని చంపితే నాకు ఎన్నేళ్ళు పడుతుందో లెక్క వేశాను.

పొద్దున లేచి చూస్తే కొట్టంలో పురుగుమందు డబ్బాలు లేవు. మాది పొగాకు ఇల్లు, ఏడాది పొడుగునా ఏదో ఒక మందు కొట్టంలో ఉండేది. అమ్మనడిగాను. “మీ చిన్నాయన వాళ్ళింట్లో పెట్టించా. ఇక్కడెందుకులే” అంది, పొయ్యి ముందు నుంచి తల తిప్పకుండా. రాత్రి ఆమె కూడా నిద్రపోలేదన్న మాట. అన్నీ వింది. ఆ డబ్బాలు నాయనకు అందకుండా దాచిందో, నాకు అందకుండా దాచిందో నేను ఈరోజు వరకూ అడగలేదు.

దీని గురించి రాయాలని 2024లో అనిపించింది. ఆ సంవత్సరం జులై 1 నుంచి పాత భారత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. వకీళ్ళందరం కొత్త నంబర్లు బట్టీ పడుతున్నాం. 105వ సెక్షను దగ్గర నా వేలు ఆగిపోయింది.

ముందు మామూలు మాటల్లో చట్టం చెప్తాను. మన వైపు జనంలో రెండు నమ్మకాలున్నాయి. మనిషి తనంతట తాను ఒప్పుకుని సంతకం పెట్టిస్తే కేసు ఉండదని ఒకటి. కలెక్టరో రాష్ట్రపతో అనుమతి ఇస్తే చెయ్యొచ్చని రెండోది. రెండూ అబద్ధం. చంపమని ఒక మనిషికి అనుమతి ఇచ్చే అధికారం ఈ దేశంలో ఏ ఆఫీసుకూ లేదు. చచ్చిపోయే మనిషి ఒప్పుకున్నంత మాత్రాన నేరం మాసిపోదు. తగ్గుతుంది, అంతే. పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషి తన ఇష్టపూర్వకంగా చావుకు ఒప్పుకుంటే, చంపినవాడిది హత్య కాదు, ‘హత్య కిందికి రాని నరహత్య’. హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం. ఈ రెండోదానికి యావజ్జీవం లేదా పదేళ్ళ వరకు జైలు. పాత చట్టంలో 300లో ఉన్న ఆ ఐదో మినహాయింపే కొత్త చట్టంలో 101లోకి వచ్చింది. 304 వచ్చి 105 అయింది.

అయితే నంబరు ఒక్కటే మారలేదు. పాత 304లో కనీస శిక్ష లేదు. “పదేళ్ళ వరకు” అంటే జడ్జి తలుచుకుంటే ఏడాది ఇవ్వొచ్చు, ఆరు నెలలు ఇవ్వొచ్చు. కొత్త 105లో, చంపాలనే ఉద్దేశంతో చేసిన నరహత్యకు ఐదేళ్ళకు తగ్గకూడదు అని రాశారు. గట్టు తగాదాలో పట్టరాని కోపంతో గొడ్డలి ఎత్తినవాడికీ, నెలల తరబడి మలమూత్రాలు ఎత్తి చివరికి తండ్రి బతిమాలితే కాదనలేకపోయిన కొడుక్కీ ఒకే సెక్షను, ఒకే కనీస శిక్ష. జడ్జికి ఎంత జాలి కలిగినా ఐదేళ్ళకు కిందికి దిగలేడు.

దీన్ని పక్క సెక్షనుతో పోలిస్తే ఇంకా విచిత్రం. ఆత్మహత్యకు సాయపడితే 108. పదేళ్ళ వరకు జైలు, కనీసం అనేది లేదు. అంటే చావడానికి కావలసింది చేతికి అందించిన మనిషికి జడ్జి తక్కువ శిక్ష వెయ్యగలడు. చెయ్యి లేవని మనిషికి తానే ఆ పని చేసిన వాడికి ఐదేళ్ళు తప్పవు. మంచాన పడ్డ మనిషి ఎంత నిస్సహాయుడైతే, అతని మాట విన్నవాడి నేరం అంత పెద్దదవుతుంది. మాట కూడా పోయి, కళ్ళతోనే బతిమాలితే? అప్పుడు సమ్మతి ఉందని ఎవరు చెప్తారు? మినహాయింపు తనకు వర్తిస్తుందని నిరూపించుకోవలసింది నిందితుడే. గదిలో ఉన్నది ఇద్దరు, ఒకరు పోయారు. ఇక సాక్షి ఎవరు? అది నేరుగా హత్య కిందికే పోతుంది.

ఈ మినహాయింపు చట్టంలోకి ఎలా వచ్చిందో చదివితే నాకు ఇంకా బాధ వేస్తుంది. మెకాలే నాయకత్వంలో 1837లో శిక్షాస్మృతి ముసాయిదా తయారైంది. దానికి వాళ్ళు రాసుకున్న వివరణల్లో, ఒప్పుకున్న మనిషిని చంపడాన్ని ఎందుకు తక్కువ నేరంగా చూడాలో ఉదాహరణలిచ్చారు. గాయపడి ప్రాణం పోక కొట్టుకుంటున్న తోటి సైనికుడు బతిమాలితే అతని బాధ తీర్చిన సిపాయి. తీరని జబ్బుతో నరకం పడుతున్న మనిషికి నల్లమందు ద్రావకం తెచ్చిచ్చిన స్నేహితుడు. వీళ్ళను చట్టం హంతకుల లెక్కన చూడకూడదని రాశారు. ఇలాంటి నేరం వెనకున్న ఉద్దేశం మామూలు హత్య వెనక ఉండేలాంటిది కాదనీ, దీనివల్ల ఊళ్ళో మిగతావాళ్ళకు ప్రాణభయం పుట్టదనీ వాళ్ళ వాదన. దాదాపు రెండువందల ఏళ్ళ కిందట తెల్లదొరలకు పట్టిన ఈ తేడా, మన చట్టం మనమే రాసుకున్నామని చెప్పుకుంటూ కొత్త సంహితను పాస్ చేసిన 2023లో జారిపోయింది.

లా కాలేజీలో ఈ మినహాయింపుకు ఒకే కేసు చెప్పేవాళ్ళు. పాట్నా హైకోర్టు, 1958, దశరథ్ పాశ్వాన్ కేసు. పదో తరగతి మూడుసార్లు తప్పిన యువకుడు. చచ్చిపోతానని భార్యతో అన్నాడు. పందొమ్మిదేళ్ళ ఆ అమ్మాయి, ముందు నన్ను చంపి తర్వాత నువ్వు పో అంది. అతను ఆమెను చంపాడు, తాను చనిపోయేలోపే పట్టుబడ్డాడు. ఆమె భయపడి ఒప్పుకోలేదు, మోసపోయి ఒప్పుకోలేదు, కాబట్టి ఐదో మినహాయింపు వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఐదేళ్ళ కఠిన శిక్ష పడింది.

క్లాసులో ఇది విన్నప్పుడు సెక్షను గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే కథలా విన్నాను. ఇప్పుడు ఆ అమ్మాయి ఒప్పుకోవడం దగ్గరే ఆగిపోతాను. 1958కి ముందటి బీహారులో, మొగుడు పోయాక తన బతుకు ఏమవుతుందో ఆమెకు తెలుసు. దాన్ని సమ్మతి అన్నారు. చట్టం లెక్కలో అది సమ్మతే. భయం, పొరపాటు, మతి చెడటం, మత్తు, పసితనం. సమ్మతిని చెల్లకుండా చేసేవి ఇవి. నొప్పి ఆ జాబితాలో లేదు. అప్పు లేదు. ఇంట్లోవాళ్ళకు బరువైపోయానన్న బాధ లేదు.

అందుకే శిక్ష తగ్గించాలని అంటున్న నేను, అసలు నేరమే కాకుండా చెయ్యమని మాత్రం అడగలేను. ఎందుకు అడగలేనో చెప్పాలంటే నాయన దగ్గరికే పోవాలి.

ఆ రాత్రి తర్వాత మూడు రోజులు నేను మార్ఫిన్ అనే గట్టి నొప్పిమందు కోసం తిరిగాను. నాకు ఆ పేరు తెలిసింది కూడా మత్తుమందుల కేసుల వల్లే. 1985 మత్తుమందుల చట్టం కింద పట్టుబడ్డవాళ్ళకు బెయిలు పిటిషన్లు వేసేవాడిని కదా. ఆ చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ లాంటి మందుల్ని నొప్పికి ఇవ్వడాన్ని సులువు చేశారు. చట్టం సులువైంది గాని, నేను అడిగిన చోటల్లా మనుషులు కంగారుపడ్డారు. ఒక షాపులో ఆ పేరు చెప్పగానే “మీరెవరండీ?” అన్నారు. ఒక ఆస్పత్రిలో “అది ఇస్తే అలవాటు పడిపోతారు” అన్నారు. నెలా రెండు నెలల్లో పోయే మనిషి అలవాటు పడితే ఏమవుతుందో నాకు అర్థం కాలేదు. చివరికి చెన్నైలో చూస్తారని తెలిసి, సింగరాయకొండలో రైలెక్కించి తీసుకుపోయాం. బెర్తు మీద నాయన తల అమ్మ ఒళ్ళో, దవడ కింద గుడ్డ. గూడూరు దాటేవరకు మూలుగుతూనే ఉన్నాడు. ఎదురు బెర్తు వాళ్ళు ఏమీ అనకుండా లేచి వేరే చోటికి పోయారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు.

అక్కడి నొప్పి విభాగంలో డాక్టరమ్మ, నన్నూ అమ్మనూ వదిలేసి, కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని నాయన్నే అడిగింది. ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు అని. నాలుగు నెలల్లో ఆయన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. 10 మిల్లీగ్రాముల మార్ఫిన్ మాత్ర, నాలుగు గంటలకొకటి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి. పడుకునేటప్పుడు రెండు. మలబద్ధకం తప్పకుండా వస్తుంది కాబట్టి దానికీ మందు. మింగలేడు గనక పొడిచేసి చెంచా నీళ్ళలో కలిపి వెయ్యమంది.

రెండో రోజు మధ్యాహ్నం నాయన నిద్రపోయాడు. మామూలు నిద్ర. నోరు తెరుచుకుని, సన్నగా గురక. అమ్మ మంచం పక్కన కూర్చుని ఆ గురక వింటోంది. నేను భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టబోతే, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

పొగాకు బ్యారన్, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే గది, కాల్చేటప్పుడు ఐదారు రోజులు రాత్రీ పగలూ కాపలా ఉండాలి. వేడి తగ్గితే ఆకు రంగు పోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది. చిన్నప్పుడు నేను బ్యారన్ ముందు గోనెపట్టా మీద పడుకుంటే, నాయన గంట గంటకూ లేచి కట్టె ఎగదోసేవాడు. ఆ రెండు నెలలు నేను గడియారం పెట్టుకుని నాలుగు గంటలకొకసారి మాత్ర నూరాను. నొప్పితో “పంపించెయ్యి” అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. సంక్రాంతికి అక్కపిల్లలు వస్తే, వాళ్ళు ఎగరేసే గాలిపటం వైపు చెయ్యి చూపించి, దారం వదలమని సైగ చేశాడు.

తర్వాత ఒకరోజు మళ్ళీ అడిగాడు.

సాయంత్రం, దీపం పెట్టే వేళ. నొప్పి లేదు. అప్పుడే రాగిజావ నాలుగు చెంచాలు తాగాడు. “బ్యారన్ బేరం పెట్టినారంట గదా” అన్నాడు. ఎవరో చెప్పారు. ఆపరేషనుకూ, రేడియేషనుకూ చేసిన అప్పు కింద, బ్యారన్‌నూ దాని పొగాకు బోర్డు లైసెన్సునూ అమ్మాలని నేనూ బావా అనుకున్న మాట నిజమే. నేను సర్దిచెప్పబోయాను. ఆయన వినలేదు. “చాల్లేరా. నా కోసం ఇంక యాడికీ పోబాకండి. ఏదో ఒకటి చేసి నన్ను పంపించేస్తే, అది పిల్లలకన్నా మిగులుద్ది” అన్నాడు. వణుకు లేదు, దండాలు లేవు. పొలం కౌలు మాట్లాడినట్టు మాట్లాడాడు.

చట్టం దృష్టిలో ఈ రెండోదే అసలైన సమ్మతి. మొదటి రాత్రి ఆయనది నొప్పితో మతిపోయిన స్థితి అని ప్రాసిక్యూటరు వాదించవచ్చు. ఈ సాయంత్రం అలా కాదు. మేజరు, మంచి తెలివిలో ఉన్నాడు, ఎవరూ బెదిరించలేదు, మోసం చెయ్యలేదు. రెండుచోట్ల వేలిముద్ర వెయ్యమన్నా వేసేవాడు. మొదటిసారి అడిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. రెండోసారి అడిగినప్పుడు భయం వేసింది. నొప్పి తీసేశాక మిగిలిన ఆ కోరికలో ఆయన కోసం ఆయన అడిగింది ఏమీ లేదు. అంతా మా కోసం. అలాంటి సమ్మతిని “హక్కు” అని పేరుపెట్టి, ఒక ఫారం ముద్రించి, ప్రతి మండలం ఆఫీసులో పెడితే, మా ఊళ్ళో అరవై దాటిన సగం మంది సంతకం చేస్తారు. “ఎవరికీ బరువు కాకుండా పోవాల” అనే మాట మన ముసలివాళ్ళ నోట రోజూ వినేదే. మరి కొడుకులకు ఆ ఫారం కావాలనిపించే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఆస్తి కేసులు చూసే ఏ వకీలునైనా అడగండి, చెప్తాడు.

“అమ్మం నాయనా, బ్యారన్ అమ్మం” అని ఆ పూట ఒట్టేశాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది, అది వేరే కథ.

సోమవారం నాడు కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా. “కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వండి” అనే అర్జీలు రాసిపెట్టమని నా దగ్గరికీ వచ్చారు. ఒక తల్లి, మంచాన పడ్డ పెద్ద కొడుకు కోసం. నేను అర్జీ రాయకుండా, “మీకు ఏం దొరికితే ఈ అర్జీ వద్దనుకుంటావమ్మా?” అని అడిగాను. ఆమె వేళ్ళు మడిచి చెప్పింది. పింఛను, వీపు మీద పుళ్ళకు మందు, వాడి పక్కన రెండు గంటలు కూర్చునే మనిషి. చావు ఆ లెక్కలోనే లేదు. 2016లో చిత్తూరు జిల్లాలో ఒక జంట, కాలేయం చెడిపోయిన ఎనిమిది నెలల పాపకు మరణం ప్రసాదించమని కోర్టుకెక్కారు. విషయం బయటికొచ్చాక ప్రభుత్వం ఖర్చు భరించింది, చెన్నైలో కాలేయమార్పిడి జరిగింది. ఆ తల్లిదండ్రులకు కావలసింది వైద్యం ఖర్చు. దాన్ని అడగడానికి మన రాష్ట్రంలో వాళ్ళకు దొరికిన దారి, బిడ్డ చావుకు అర్జీ పెట్టడం.

కనిగిరి వైపు ఊళ్ళకు పోతే నాకు ఇదే గుర్తొస్తుంది. అక్కడి బావినీళ్ళలో ఫ్లోరైడు నడుముల్ని వంచేసిందని, అది అప్పటి నెల్లూరు జిల్లాగా ఉన్నప్పుడే, 1937లోనే వైద్య పత్రికల్లో రాశారు. దేశంలో ఆ జబ్బును మొదట గుర్తించింది మన నేల మీదే. నేల చూస్తూ తప్ప నడవలేని ముసలాయన “దేవుడు ఎప్పుడు తీసుకుపోతాడో” అంటే, ముందు ఆయనకు మంచినీళ్ళు బాకీ ఉన్నాం.

నా వాదనకు లొంగని బాధలు ఉన్నాయని నాకు తెలుసు, వాటిని దాటేసి పోను. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో పాతికేళ్ళ యువకుడు వెంటిలేటరు మీద ఉండి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోవాలని కోరాడు. అతని తల్లి హైకోర్టుకు వెళ్ళింది. మెదడు చనిపోయినవాళ్ళ నుంచే తప్ప అలా అవయవాలు తీసుకోవడానికి 1994 అవయవ మార్పిడి చట్టం ఒప్పుకోదు. కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. అతని సమ్మతిలో అప్పు లేదు, బరువన్న బాధ లేదు. మెడ కింద ఒళ్ళంతా చచ్చుబడి, తెలివి మాత్రం పూర్తిగా ఉన్న మనిషికి మార్ఫిన్ ఏం చేస్తుంది? అలాంటి మనిషి నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. నెదర్లాండ్స్, బెల్జియం 2002లో డాక్టరు చేతి మీదుగా ఆ దారి తెరిచాయి. ఇంటింటికీ డాక్టరు, ప్రతి మనిషికీ వైద్య బీమా ఉన్న దేశాలవి. అక్కడ ఆ ప్రశ్న అడగడం వేరు, నొప్పిమాత్ర కోసం మూడు జిల్లాలు దాటి రైలెక్కాల్సిన చోట అడగడం వేరు.

జపాన్ దారి నాకు దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ ఒప్పుకున్న మనిషిని చంపితే విడిగా ఒక సెక్షను ఉంది, ఆరు నెలల నుంచి ఏడేళ్ళ వరకు. 1962లో నగోయా హైకోర్టు ముందుకు, మంచాన పడి చంపెయ్యమని ఏడ్చిన తండ్రి ప్రాణం తీసిన కొడుకు కేసు వచ్చింది. కోర్టు అతన్ని వదిలెయ్యలేదు. నేరం నేరమే అంది, ఏడాది శిక్ష వేసింది, దాన్ని మూడేళ్ళు నిలిపివేసింది. జర్మనీలోనూ కోరితే చంపడానికి విడి సెక్షను, ఆరు నెలల నుంచి ఐదేళ్ళు. మన శిక్ష ఐదేళ్ళ దగ్గర మొదలవుతుంది, జర్మనీలో అక్కడ ముగుస్తుంది.

నేను అడిగేది అదే. దయతో, కోరితే చేసినదాన్ని 105 లోంచి తీసి విడి సెక్షనులో పెట్టాలి. కనీస శిక్ష ఉండకూడదు. నేరంగానే ఉండాలి, ఎందుకంటే నేరమైతేనే విచారణ ఉంటుంది. విచారణ ఉంటేనే, ఆ మనిషి ఎన్నిసార్లు అడిగాడు, నొప్పికి ఏ మందు ఇచ్చారు, ఎవరికి ఆస్తి కలిసొచ్చింది, చివరి నెలల్లో పక్క మార్చింది ఎవరు అని అడిగే మనిషి ఒకరు ఉంటారు. అన్నీ విన్నాక జడ్జి ఒక్కరోజు శిక్ష వేసి పంపించగలగాలి, పదేళ్ళు వెయ్యాల్సిన చోట పదేళ్ళూ వెయ్యగలగాలి. మా కోర్టుల్లో జడ్జీలు అంత తూకం తెలియనివాళ్ళేమీ కాదు.

వైద్యం వద్దనడం మాత్రం వేరే సంగతి, దాన్ని దీంతో కలిపి చూడొద్దు. చెన్నైలో డాక్టరమ్మ, పొట్టకు పైపు వేస్తే ఇంకొన్ని వారాలు బతకవచ్చని నాయనకే చెప్పి, ఏమంటారని అడిగింది. ఆయన అడ్డంగా తలూపాడు. ఆమె అది కాగితం మీద రాసి, మా చేత సంతకం పెట్టించింది. ఎవరూ ఎవర్నీ చంపలేదు. ఈ తేడాను చట్టంలోకి ఎక్కించడానికి దారి వేసినవాళ్ళలో మన తెలుగు జడ్జీలు ఇద్దరున్నారు. లా కమిషన్ ఛైర్మన్లుగా జస్టిస్ జగన్నాథరావు 2006లో, జస్టిస్ పి.వి. రెడ్డి 2012లో, తీరని జబ్బులో వైద్యం ఆపెయ్యడాన్ని నేరంగా చూడకూడదని నివేదికలిచ్చారు. మధ్యలో, 2011లో, ముంబై ఆస్పత్రిలో నలభై ఏళ్ళకు దగ్గరగా అచేతనంగా పడి ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు మొదటి గీత గీసింది. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీలు, గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని, చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందుగానే విల్లు రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చారు. ఆ పద్ధతి మరీ కష్టంగా ఉందని 2023 జనవరిలో సులువు చేశారు. మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ఉంటే చాలు. చంపడం, పోనివ్వడం వేర్వేరని మన కోర్టులకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది. కోరితే చంపడం, పగతో చంపడం కూడా వేర్వేరని పార్లమెంటుకు అర్థం కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు.

నాయన 2020 ఫిబ్రవరిలో పోయాడు. తెల్లారగట్ల మాత్ర వెయ్యడానికి లేచి చూస్తే ఒళ్ళు చల్లబడి ఉంది. నూరిన పొడి చెంచాలోనే ఉండిపోయింది.

పోయిన ఏడాది అమ్మ ఒకరోజు ఒంగోలు వచ్చినప్పుడు, “ఆ కాగితమేందో నాకూ రాసిపెట్టు” అంది. నేను తెలుగులో టైపు చేసి చదివి వినిపించాను. వెంటిలేటరు వద్దు, పైపులు వద్దు. మొత్తం విని, రెండు మార్పులు చెప్పింది. “నొప్పి మాత్రం తెలియకుండా చూడాలని పైన రాయి, కింద కాదు” అంది. నిర్ణయం తీసుకునేవాళ్ళ పేరు దగ్గర నేను నా ఒక్కడి పేరే పెట్టాను. అక్క పేరు కూడా రాయమంది. “నీ ఒక్కడి మీద పెట్టనురా ఆ బరువు” అంది, నా మొహం చూడకుండా, కళ్ళజోడు తుడుచుకుంటూ.

నోటరీ దగ్గరికి మరుసటి రోజు పోయాం.